రెండుగా కనబడిన ఒకే ఫోల్డరు

ఆ రోజుల్లో కంప్యూటరులో లినక్స్ ఎక్కించేటప్పుడు ఒకచోట చిన్న గడి కనబడేది. మీ ఫైళ్లుండే హోమ్ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేయమంటారా, అంటే తాళం వేయమంటారా అని అడిగేది. అవునంటే గడిలో ఒక టిక్కు పెట్టాలి, అంతే. ఇప్పుడు పద్ధతి మారింది, డిస్కు మొత్తానికే తాళం వేస్తున్నారు. అయినా కడపలో, ఊళ్లు తిరిగి పనిచేసే సంస్థల్లో చేరిన కొత్తవాళ్లకు కంప్యూటరు శిక్షణ ఇచ్చిన కాలంలో ఆ పాత పద్ధతి గురించి ఒక పూట చెప్పేవాణ్ణి. అక్కర్లేని పాఠం ఎందుకు సార్ అని అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈ మధ్యే ఆ ఉద్యోగం కూడా మానేశాను. ఇక తప్పించుకోవడానికి కారణం లేదు.

నా దగ్గర నేర్చుకున్న మీ కోసమే ఇది రాస్తున్నాను. అలాగే అప్పట్లో కర్నూలులో మా సంస్థలో నాతో పనిచేసినవాళ్ల కోసం కూడా. బద్వేలు నుంచి వచ్చి మాతో పనిచేసిన ఆవిడ గురించి మావాళ్లంతా నమ్మింది నిజం కాదు. అలా నమ్మేటట్టు చేసినవాణ్ణి నేనే.

వలస కూలీల కోసం పనిచేసే చిన్న సంస్థ మాది. పాత ఊరిలో, నదికి దగ్గరగా, ఒక పాత మేడ కింది భాగంలో ఆఫీసు. కోర్టు పని మానేసి ఈ పనిలోకి వచ్చిన ఒక వకీలు దాన్ని నడిపేవారు. ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. జీపు నడపడానికి ఒక భాయి ఉండేవాడు. కంప్యూటర్లకు నేను. పల్లెలు తిరిగి కూలీల మాటలు రికార్డు చేసుకొచ్చే పని బద్వేలు మేడమ్‌ది. ఎరువుల వ్యాపారం చేసుకునే ఇంటి ఆడపడుచు. నాకంటే కొంచెం పెద్ద. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "బేరం కుదర్ల్యాదప్పా" అని నవ్వేది. ఏ ఊరికి పోయినా పది నిమిషాల్లో ఎవరింటి అరుగు మీదనో కూర్చుని చింతపండు వలుస్తూ కనబడేది. అలా వలుస్తూనే మాట రాబట్టేది.

ఆ ఏడు కోసిగి మండలంలోని ఒక పల్లె నుంచి కొన్ని కుటుంబాలు బద్వేలు వైపు ఒక బండల క్వారీకి పనికి పోయాయి. అక్కడి గుత్తేదారు వాళ్లను మళ్లీ ఊరికి పోనివ్వలేదు. పోతానని ఎదురు తిరిగిన ఒకతన్ని కొట్టించాడు. ఎడమకాలు ఇక పనికిరాకుండా పోయింది. చివరికి అందరూ ఒకరి తర్వాత ఒకరు తప్పించుకుని వచ్చారు గాని, ఫిర్యాదు మీద వేలిముద్ర వేయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. గుత్తేదారు తరఫు మేస్త్రి ప్రతి ఏడూ ఆ ఊళ్లోకే వచ్చి కూలీలను కుదుర్చుకుంటాడు. వాడికి తెలిస్తే ఏమవుతుందోనని భయం.

చివరికి బద్వేలు మేడమ్ ముందు మాట్లాడారు. ఈ మాటలు విచారణ చేసే అధికారి తప్ప ఇంకెవరూ వినరని ఆమె వాళ్లకు మాటిచ్చింది. ఆ మాట ఇచ్చే ధైర్యం ఆమెకు నేనిచ్చాను.

"ఏమప్పా, ఈ పెట్టెను ఎవురన్నా ఎత్తుకపోతే?" అని అడిగింది, నేను ఆమె కంప్యూటరు తయారు చేస్తుంటే.

"ఎత్తుకుపోయినా ఏం లాభం లేదు మేడమ్. లోపల అంతా గజిబిజి. మీ పాస్‌వర్డ్ కొడితేనే మాట మాటలాగా వినబడుతుంది."

"పెద్దసారుకు కూడా వినపడదా?"

"వినపడదు."

"నీకు?"

"నాకు కూడా."

"అట్లయితే నేను సచ్చిపోతే ఎట్లప్పా?"

గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న భాయి అందుకున్నాడు. "ఆమె యాడ చస్తాది కంప్యూటర్ సాబ్! యముడొచ్చినా కూచోబెట్టి, టీ ఇచ్చి, వాని కష్టాలు రికార్డు చేస్తాది."

ఆమె నవ్వి, "వానికీ ఉంటాయి లే పాపం" అంది. నేను ఆ గడిలో టిక్కు పెట్టాను. ఊళ్ల నుంచి తెచ్చిన రికార్డింగులు కంప్యూటరులోకి ఎక్కించగానే రికార్డరులోవి చెరిపేసేది. మాటిచ్చింది కదా, ఎక్కడా ఇంకో నకలు ఉండకూడదని ఆమె పట్టుదల.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఆ పద్ధతిలో మీరు దాచుకున్న ఫైలు మీ హోమ్ ఫోల్డరులో కనబడుతుంది గాని, నిజానికి అది అక్కడ ఉండదు. మామూలుగా కంటికి కనబడని ఇంకో ఫోల్డరు ఉంటుంది. ఫైళ్లన్నీ తాళం పడిన రూపంలో దాంట్లో ఉంటాయి. వాటి పేర్లు కూడా అర్థం లేని పొడవాటి అక్షరాలు. మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాగానే కంప్యూటరు ఆ ఫైళ్లనే అప్పటికప్పుడు విప్పి హోమ్ ఫోల్డరులో చూపిస్తుంది. మీరు పని ముగించి బయటికి పోగానే చూపడం ఆపేస్తుంది. టూరింగ్ టాకీసు లాంటిది. బొమ్మ తెర మీద ఆడుతుంది, రీలు వెనక గదిలో ఉంటుంది. తెరను ఎంత మడిచి పెట్టెలో దాచుకున్నా బొమ్మ దొరకదు.

ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడు సగం తెలుసు. బొత్తిగా తెలియనివాడు ఎవరినైనా అడుగుతాడు. నేను అడిగే దశ దాటిపోయాననుకున్నాను. కర్నూలులో లినక్స్ తెలిసినవాళ్లు అప్పట్లో ఎంతమంది? ఆ గర్వం ఒకటి.

విచారణ దగ్గర పడింది. అధికారి ముందు ఏయే మాటలు వినిపించాలో ఏరడానికి మేడమ్ రోజంతా చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు పొద్దున ఆమె బల్ల దగ్గర నుంచి పిలిచింది.

"ఏమప్పా, స్థలం ల్యాదంటాండాది ఇది. నిన్న ఎక్కించింది సగంలో నిలిచిపాయె."

"మీరు లేవద్దు మేడమ్. నా బల్ల దగ్గర నుంచే చూస్తాను."

లేచి పోయి ఆమె పక్కన కూర్చుని చూసి ఉండవచ్చు. నా చోటు నుంచి కదలకుండా ఇంకొకరి కంప్యూటరులో పని చేసి చూపించడం అప్పట్లో నాకు సరదా. వెతికితే ఆమె హోమ్ ఫోల్డరు కనబడింది. దాంతో పాటు, దాదాపు అంతే బరువున్న ఇంకో ఫోల్డరు, నిండా అర్థం లేని పేర్లు. ఒకే సరుకు రెండుసార్లు ఉందనుకున్నాను. చదవడానికి వీలైన కాపీ ఒకటి, భద్రత కోసం తాళం వేసిన కాపీ ఒకటి. ఎలాగూ రోజూ సాయంత్రం బయటి డిస్కులోకి బ్యాకప్ అదంతట అదే పోతుంది కదా, ఈ తాళం వేసిన కాపీ ఎందుకు, దండగ అనుకున్నాను.

తీసేశాను.

"స్థలం వచ్చింది మేడమ్!" అని అరిచాను.

"బతికించినావప్పా" అంది, తల తిప్పకుండానే. మళ్లీ హెడ్‌ఫోను సర్దుకుంది. క్వారీలో కాలు చచ్చుబడినతని అన్న మాట్లాడిన రికార్డింగు వింటోంది. తర్వాత కూడా చాలాసేపు అది వింటూనే ఉంది. నేను టీ తాగొచ్చాను.

"ఇదేందప్పా, అయిపోయినాక ఇంగోటి తెరుసుకోల్యా."

పోయి చూశాను. ఫోల్డరులో ఏమీ లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను, ఇంకా ఏమీ లేదు. బయటి డిస్కు తెచ్చి తగిలించాను. బ్యాకప్‌లో చిన్న ఫైళ్లు రెండే ఉన్నాయి. మీ సమాచారానికి తాళం వేసి ఉంది, తెరవాలంటే ఇక్కడ నొక్కండి అని చెప్పేవి అవి. బ్యాకప్ పోయేది సాయంత్రం, ఆమె పని ముగించి ఇంటికి పోయాక. అంటే తెర ఖాళీగా ఉన్నప్పుడు. ఇన్నాళ్లూ మా బ్యాకప్ ఆ ఖాళీనే శ్రద్ధగా దాచుకుంటూ వచ్చింది. నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఇంకో సంగతి చాలాకాలం తర్వాత తెలిసింది. తెరిచి ఉన్న ఫైలును తీసేసినా, దాన్ని మూసేదాకా అది నిజంగా పోదు. ఆమె వింటున్నంతసేపూ రికార్డింగులోని ఆ పెద్దాయన గొంతు బతికే ఉంది. నేను టీ తాగుతున్నప్పుడు కూడా ఉంది. ఆ ఒక్కటైనా పట్టుకోవచ్చని తెలిసినవాడు ఆ గదిలో లేడు.

పెద్దసారు వచ్చారు. ఆమె బల్ల చుట్టూ నిలబడ్డాం.

"ఎట్ల పోయినాయి? వైరస్సా?"

"దీనికి వైరస్ రాదు సార్" అన్నాను. ఆ క్షణంలో కూడా నా సిస్టమ్ పరువే నిలబెట్టాను.

"మరి?"

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు తలుచుకున్నానో. "దాని లోపలికి పోవాలంటే మేడమ్ పాస్‌వర్డ్ ఒక్కటే దారి సార్" అన్నాను. దాంట్లో అబద్ధం లేదు. తాళం తీయడానికి తాళంచెవి కావాలి. పెట్టెనే పొయ్యిలో వేయడానికి తాళంచెవి అక్కర్లేదన్నది మాత్రం చెప్పలేదు.

ఆమె నా వైపు తిరిగింది. "పొద్దున నువ్వే గదప్పా స్థలం చేస్తానంటివి?"

"అది వేరే చోట మేడమ్. సిస్టమ్ చెత్త."

ఇది పూర్తి అబద్ధం. ఆమె నన్ను ఇంకేమీ అడగలేదు. కంప్యూటర్ల గురించి నా మాటకు ఆ ఆఫీసులో ఎదురు లేదు, ఆమె కూడా నన్ను నమ్మింది. నిజంగా తన చెయ్యే ఎక్కడో తగిలి పోయిందేమోనని ఆ రోజంతా కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది.

మిగతాది దానంతట అదే జరిగిపోయింది. గుత్తేదారుదీ ఆమెదీ ఒకే ఊరు. వాళ్ల ఎరువుల అంగడికి అతను వస్తాడట. అతని మనిషి ఒకసారి మా ఆఫీసుకొస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చిందట. ఇచ్చింది, అందరికీ ఇచ్చేది. రికార్డింగులు అతనికి అమ్ముకుందని ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు గాని, ఆ మాట పల్లె దాకా పోయింది. పెద్దసారు మాత్రం మెల్లగా, "కొన్నాళ్లు ఇంటికాడ ఉండండమ్మా" అన్నారు. విచారణ రోజు మా దగ్గర వినిపించడానికేమీ లేదు. మాట్లాడినవాళ్లెవరూ రాలేదు. అధికారి మమ్మల్ని కాసేపు చూసి ఫిర్యాదు మూసేశారు.

ఆ తర్వాత ఆమె ఆ పల్లెకు పోయింది. ఎలా పోయినాయో తెలియదు గాని తాను ఎవరికీ ఇవ్వలేదని చెప్పుకోవడానికి. తీసుకుపోయిన భాయి తిరిగొచ్చి నా బల్ల దగ్గర కూలబడ్డాడు.

"ఊరి మొదట్లోనే జీపును నిలిపేసినారు సాబ్. 'మా గొంతులు అమ్ముకుంటివా తల్లీ' అన్న్యారు. తిట్టినా బాగుండు. తిట్టలే. ఆమె జీపు దిగనే లేదు. దారంతా ఒక్క మాట లేదు సాబ్. ఆమె నోరు మూసుకోని కూచోగా ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

చూడలేదన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, తెలిసినవాడన్న పేరు పోతుందన్న భయం ఎక్కువ. ఆమె బద్వేలుకు వెళ్లిపోయింది.

పెద్దసారు ఆశ వదులుకోలేదు. పోయిన ఫైళ్లను బయటికి తీసేవాళ్లు హైదరాబాదులో ఉన్నారట, ఆమె కంప్యూటరులోని డిస్కు పంపు అన్నారు. పంపితే ఫైళ్లు వచ్చేవో రావో తెలియదు గాని, తీసేసింది ఎవరో, ఎక్కడి నుంచో వాళ్లకు తెలిసిపోతుంది. రేపు, మాపు అని జరుపుతూ వచ్చాను. ఇంతలో అక్టోబరులో నదులు పొంగి కర్నూలు మునిగింది. ఆ వరద చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు తీశాక పోయి చూస్తే మా ఆఫీసులో నడుము ఎత్తున బురద. కంప్యూటర్లు, ఆ డిస్కు, అన్నీ ఆ బురదలోనే.

ఊరంతా వీధుల్లో నిలబడి ఏడుస్తోంది. భాయి ఇల్లు కూలిపోయింది. నేను ఆ బురదలో నిలబడి, ఇక ఎవరికీ తెలియదు అనుకున్నాను. గుండె తేలికపడింది. నా జీవితంలో నేను దేనికైనా అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది ఫైళ్లు తీసేసినందుకు కాదు. ఆ తేలికకు.

తర్వాత కడపకు మారాను. ఏళ్లు గడిచాయి. ఒకసారి పెద్ద దర్గాలో ఉరుసుకు వచ్చి భాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం నెరిసింది. మాటల్లో, "ఇప్పటికీ ఆమె మాటొస్తే మనోళ్లు ఒక నవ్వు నవ్వుతారు సాబ్. నేనైతే నమ్మలే. నువ్వు నమ్మినావా?" అన్నాడు. ఆ వారంలోనే బద్వేలు బస్సెక్కాను.

అంగడిలో యూరియా మూటల మధ్య కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. చూడగానే గుర్తుపట్టింది.

"ఏమప్పా కంప్యూటరూ! యాడ పోతివి ఇన్నాళ్లు? రా, కూచో. ఏయ్, ఒక టీ చెప్పండి."

టీ రాకముందే మొదలుపెట్టాను. మధ్యలో ఎవరో పురుగుమందు కోసం వస్తే లేచి ఇచ్చి, మళ్లీ వచ్చి కూర్చుంది. అన్నీ చెప్పాను. రెండు ఫోల్డర్ల సంగతి, బ్యాకప్, సిస్టమ్ చెత్త అని నేనన్న మాట. ఆమె ఎదుట ఉన్న మూట మీద రాలిన యూరియా గింజలను వేలితో ఒకచోటికి తోస్తూ విన్నది.

"నా చెయ్యి తగిలే పోయినాయనుకున్న్యా" అంది చివరికి. "ఇన్నేండ్లు."

కుప్పైన గింజలను అరచేతిలోకి ఊడ్చుకుంది.

"నేను కావాలని తీయలేదని నాకు ముందే తెల్సు గదా. అమ్ముకోలేదనీ తెల్సు. అది నాకు చెప్పనీకి ఇంత దూరం వస్తివా?" గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. "నాకు చెప్తే ఏమొస్తాదప్పా. కోసిగికి పో."

"మీరూ రండి మేడమ్. ఇద్దరం పోదాం."

"నేను పోయొచ్చినా. జీపు దిగల్యా." లేచి తూకం దగ్గరికి పోయింది. "టీ తాగు. సల్లారిపోతాండాది."

ఆ పల్లెకు పోయేసరికి సగం ఇళ్లకు తాళాలు. మిరప కోతకు గుంటూరు వైపు పోయారట. ఆమె చివరగా విన్న గొంతు ఎవరిదో ఆ పెద్దాయన మాత్రం ఉన్నాడు. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా లేదు.

"ఎవురప్పా నువ్వు? మేస్త్రి మనిషివా? ఇంట్లో ఎవురూ లేరు పో, దుడ్లు ఇచ్చినా రారు."

ఎవరినో చెప్పాను. ఆఫీసు పేరు వినగానే ముఖం తిప్పుకున్నాడు. అయినా చెప్పాను. కంప్యూటరు మాటలు వదిలేసి, తెలివితక్కువతనంతో నేను చెరిపేశానని, ఆ నింద ఆ అమ్మ మీదికి తోశానని చెప్పాను.

"అయితే ఆ యమ్మ ఇయ్యలేదా?"

"ఇవ్వలేదు."

"ఆ మేస్త్రికి చేరలేదా?"

"లేదు. ఎవరి చేతికీ చేరలేదు. తాళం పడి ఉన్నచోటే పోయినాయి. ఇక ఎవరికీ దొరకవు."

"ఎవురికీ?"

"ఎవరికీ."

మంచం కోడును పట్టుకుని ముందుకు వంగాడు. "మా మాటలు వాళ్ల చేతికి చిక్కినాయి, ఇంగ బతకనీరని, మా తమ్ముడు ఆ యేడే ఊరు ఇడిసి పాయెనప్పా. ఆ కాలుతోనే ఈడ్సుకుంట పాయె. యాడుండాడో తెల్దు. ఉండాడో ల్యాడో." చేత్తో దారి వైపు చూపించాడు. "చిక్కలేదని ఒక్క మాట అప్పుడు చెప్పింటే సాలు గదా. వాడు ఇంట్లోనే ఉంటాండె."

మళ్లీ మంచం మీద వెనక్కి జరిగాడు.

"నాకు చెప్తివి, సరే," అన్నాడు. "వానికి ఎవురు చెప్తారు?"

మీరు పని మీద ఊళ్లు తిరుగుతుంటారు. క్వారీల దగ్గర, బట్టీల దగ్గర, బస్టాండులలో నలుగురితో మాట్లాడుతుంటారు. ఎడమకాలు ఈడుస్తూ నడిచే, కోసిగి వైపు మాట్లాడే మనిషి ఎక్కడైనా ఎదురైతే, ఒక్క మాట చెప్పండి. ఆ గొంతులు ఎవరి చేతికీ చిక్కలేదు, అన్న ఇంటి ముందే కూర్చుని ఉన్నాడు, ఇంటికి పొమ్మనండి.